పదములు – జావళులు : అర్థవిచారము



పూర్వము మన దేశమున జనులు మిక్కిలి ప్రీతితో పాడుకొనిన పాటలలో నేటివారికి ఇబ్బంది కలిగించు అర్థములు గలవి కొన్ని యున్నవి. వానిని పాడవచ్చునా, మానవలెనా, పాడినచో అర్థము చెప్పవలెనా, దాచవలెనా అను విషయమును గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని.

పాతపాట లనగా త్యాగరాజాది భక్తుల కీర్తనలు నా యుద్దేశము కాదు. క్షేత్రయ్య పదములు, సారంగపాణి పదములు, పందొమ్మిదవ శతాబ్దమున ప్రబలిన జావళులు, వాని తరువాత వచ్చిన చలనచిత్రముల పాటలు, ఇవి నా విషయము. నేడు సినిమాపాట కెట్టి ప్రచారము కలదో ఒకనాడు పదమునకును జావళికిని అట్టి ప్రచారమే యుండెడిది. జమీందారుల కొలువులలో, దేవాలయములలో, పెండ్లిపందిళ్లలో జరిగిన మేజువాణీలలో అవి మ్రోగినవి. గ్రామఫోను వచ్చిన పిమ్మట నల్లని పళ్లెముల పైకెక్కి, మేళమును పిలిపించుకొన శక్తిలేని యిండ్లలోనికిని వచ్చినవి.

ఇట్టి పాటల యర్థము ప్రస్తావనకు వచ్చినపుడు సభలలో మూడు విధములైన సమాధానములు వినుచుందును. సంగీతమునకు రాగతాళములు ప్రధానము, మాటలతో మనకేమి పని యనువారు కొందఱు. ఇదంతయు జీవాత్మ పరమాత్మల సంయోగము, పైకి కనబడునది శృంగారము, లోపల నున్నది వేదాంతము అనువారు కొందఱు. ఇవి వేశ్యల పాటలు, సంసారుల యిండ్లలో వీని పేరెత్తరాదు అనువారు మఱికొందఱు. ఈ ముగ్గురికిని తమలో తమకు పడదు. కాని పాటలో నేమున్నదో ఒకసారి చదివి చూచుట వారిలో నెవ్వరికిని అవసరముగా తోచలేదు.

మొదటి సమాధానము తమిళదేశమున కొంతవఱకు చెల్లినది. అచ్చట పాడువారిలోను వినువారిలోను పెక్కుమందికి తెలుగు మాతృభాష కాదు. అయినను వీణ ధనమ్మాళ్ కుటుంబమువారు ఈ పదములను తరతరములుగా కాపాడిరి. ఆమె మనుమరాలగు బాలసరస్వతి పదమునకు అభినయము పట్టినపుడు మాటమాటకును చూపును హస్తమును కల్పించినది. తెలుగు పుట్టుకతో వచ్చిన మనమేమో సభలో తాళము వేయుచు అర్థమునకు చెవులు మూసికొందుము. ఇది నాకు వింతగానే యుండును.

కృష్ణాజిల్లాలో కూచిపూడికి సమీపమున మొవ్వ యను గ్రామము కలదు. అచ్చటి గోపాలస్వామి ముద్రతో క్షేత్రయ్య పదునేడవ శతాబ్దమున పదములు చెప్పినాడు. వానిలో నొకదానియందు తన రచనల లెక్కను తానే చెప్పుకొనినాడు: మధుర తిరుమలనాయకుని యెదుట 2000, తంజావూరు విజయరాఘవనాయకుని కొలువున 1000, గోలకొండ పాదుషాకు 1500. మనకు దక్కినవి కొన్ని వందలు మాత్రమే. పల్లవి, అనుపల్లవి, సాధారణముగా మూడు చరణములు. మాటలాడునది దాదాపు అన్నిటను స్త్రీయే. ఒకతె రాత్రియంతయు వేచియుండి, తెల్లవాఱిన పిమ్మట వచ్చినవానిని వాకిటనే నిలదీయును. ఒకతె ధనము లేక వచ్చితివేమని యడుగును. ఒకతె చెలికత్తెను దూతగా పంపి, ఆ చెలికత్తెయే తన్ను మోసగించినట్లు ఆమె ముఖము చూచి గ్రహించును. ఆలంకారికులు స్వీయ యని, పరకీయ యని, సామాన్య యని విభజించిన నాయికలందఱును ఇందు గలరు. సామాన్య యనగా ధనము గొని ప్రేమించునది. మువ్వగోపాలుడు దేవుడే, కాని అనేక పదములలో ఆయన ఆ స్త్రీ యింటికి వచ్చిన విటుడు కూడ. ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు ఈ పదములను ఇంగ్లీషులోనికి తెచ్చి 1994లో ప్రకటించినపుడు, దేవుడే బేరగాడైనవేళ అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ పేరు చూచి మనలో కొందఱు నొచ్చుకొనిరి. పుస్తకము తెఱచి చూచినచో ఆ పేరు పదములలోని విషయమునే చెప్పుచున్నదని తెలియును.

వీనిలో నొక పదము మిక్కిలి చిక్కైనది. వివాహిత యగు నొక స్త్రీ పరపురుషుని వలన గర్భవతి యైనది. ఆమె ప్రియునితో మాటలాడుచున్నది. ఏదైన వేరో మూలికయో తెచ్చి యిమ్మని యడుగుచున్నది. తనకు ఈ యూర నమ్మదగిన చెలికత్తెలు లేరని చెప్పుకొనుచున్నది.

నాయొద్ద చదువుకొనిన శిష్యురా లొకతె ఒక పట్టణమున పిల్లలకు నృత్యము నేర్పుచున్నది. ఆమె ఒకనాడు మా యింటికి వచ్చి, ఈ పదము వ్రాసిన కాగితమును నా ముందుంచి, "మాస్టారూ! నాకు నేర్పినవారు ఇది కడుపునొప్పికి మందు అడుగుట యని చెప్పినారు. నేనును అట్లే అభినయించుచు వచ్చితిని. ఇప్పుడు నాయొద్ద నేర్చుకొను పదునాలుగేండ్ల పిల్ల, కడుపునొప్పికి మందు అడుగుటకు ఇంత భయమెందుకు టీచరుగారూ అని యడిగినది. ఏమి చెప్పమందురు?" అనినది.

"ఆ పిల్ల నీకంటెను నీ గురువుగారికంటెను బాగుగా చదివినదమ్మా" అంటిని.

నిజమే కదా! రాగము భయమును చెప్పుచున్నది. మాట భయమును చెప్పుచున్నది. నమ్మదగినవారు లేరని ఆమె నోరు తెఱచి చెప్పుచున్నది. అర్థము చెప్పినవా రొక్కరే కడుపునొప్పి యనుచున్నారు. ఇట్టి మార్పు వలన పిల్ల చెడిపోకుండునేమో గాని పదము చెడిపోవును, పిల్లకు పెద్దలయందు విశ్వాసమును చెడును.

వేదాంతార్థము చెప్పువారిని నేను పరిహసింపను. అన్నమాచార్యుని శృంగార సంకీర్తనములలో, అలమేలుమంగా వేంకటేశ్వరుల ప్రణయమున, ఆ యర్థము సహజముగా ఇముడును. మధురభక్తి యనునది మన సంప్రదాయమున నున్నదే. కాని ఈ పదమునకు వచ్చునప్పటికి ఆ వ్యాఖ్యానము నడువదు. జీవాత్మ పరమాత్మ వలన గర్భవతి యైనచో అది మోక్షమునకు దారి గావలెను గదా. దానిని తొలగించుకొనుటకు మూలిక నేల యడుగును? వేదాంతి యిచ్చట ముక్కు చీదుకొని తరువాతి పదమునకు పోవలసినదే.

మఱి శాస్త్రదృష్టి యేమి? మన ఆలంకారికులు అశ్లీలమును దోషములలో చేర్చి, దానిని మూడు విధములుగా చెప్పిరి: వ్రీడను కలిగించునది, జుగుప్సను కలిగించునది, అమంగళమును తోపించునది. సిగ్గు పుట్టించు మాట యొక్కటియే అశ్లీలము కాదు. ఏవగింపు పుట్టించునదియు, చావును స్ఫురింపజేయునదియు అశ్లీలమే. అంతటితో వారు ఊరకుండలేదు. మాటలాడువారి స్థితిని, సందర్భమును బట్టి దోషము దోషము కాకపోవచ్చునని, ఒక్కొక్కయెడ గుణము కూడ కావచ్చునని మమ్మటుడు ఉదాహరణములతో నిరూపించినాడు. ఈ పదమున గర్భిణి తనకు కలిగిన యాపదను చెప్పుకొనుచున్నది. ఆ సందర్భమున ఆమె యింకేమి మాటలాడును? వసంతర్తువును వర్ణించునా?

కోనసీమలో కలావంతుల కుటుంబమునకు చెందిన వృద్ధురా లొకామెను ఈ పదమును గూర్చి అడిగితిని. ఆమె చిన్ననాట మేళములో పాడినది, పిమ్మట మానివేసినది. పదము పేరు చెప్పగనే ఆమె నవ్వి, "పంతులుగారూ! అది మావాళ్లు మగవాళ్ల ముందర పాడే పాట కాదండీ. మాలో మేము పాడుకొనేది" అనినది. ఇది యందఱి అనుభవమని నేను చెప్పజాలను. కాని సభలో రసికులు తలలూపుటకు వ్రాసినదని మనమనుకొను పదమును, ఆ యింటి స్త్రీలు తమ కష్టము చెప్పుకొనుటకు పాడుకొనిరనుట నేను తరచుగా తలచుకొను విషయము.

ఇక మన పెద్దలు వీనిని ఏల రోసిరో తెలిసికొనవలెను. పందొమ్మిదవ శతాబ్దము చివర వీరేశలింగము పంతులుగారు మొదలగు సంస్కర్తలు మేజువాణీలను ఖండించిరి. వారి కోపమునకు కారణము కలదు. ఆ పాటల వెనుక చిన్నపిల్లలను దేవాలయమునకు ముడిపెట్టి వారి జీవితమును అమ్మివేయు నాచారము నడచుచుండెను. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1930లో మదరాసు శాసనసభలో దేవదాసీ బిల్లును ప్రవేశపెట్టిరి. ఆమె తల్లి ఆ కులమునుండి వచ్చినదే. ఆ స్త్రీలకు పదము సాహిత్యము కాదు, తమ్ము కట్టివేసిన త్రాడు. 1947లో దేవదాసీ సమర్పణ నిషేధచట్టము వచ్చినది. ఇది వచ్చి తీరవలసినదని నా యభిప్రాయము. పదముల సొగసును గూర్చి ఉపన్యసించువారు ఈ సంగతిని మఱచుట న్యాయము కాదు.

అయితే సంస్కరణవేగమున మఱియొక అన్యాయము జరిగినది. తంజావూరు ప్రతాపసింహుని కొలువున నున్న ముద్దుపళని రాధికాసాంత్వనమను కావ్యము వ్రాసినది. అది పాట కాకపోయినను కథ ఇచ్చట అవసరము. వీరేశలింగము పంతులుగారు అందలి భాగములు స్త్రీలు వినదగినవి కావని ఆక్షేపించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, విడిచివేసిన పద్యములను చేర్చి, 1910లో వావిళ్లవారిచేత అచ్చువేయించిరి. పీఠికలో ఆమె యడిగిన ప్రశ్న నేటికిని పదునుగానే యున్నది: సిగ్గు, ఔచిత్యము అనునవి స్త్రీ వ్రాసినపుడు మాత్రమే జ్ఞాపకము వచ్చునా? పంతులుగారు స్వయముగా పరిష్కరించి సమ్మతించిన వైజయంతీవిలాసమున ఇంతకంటె ముదిరిన వర్ణనలు లేవా? 1911లో ప్రభుత్వము ఆ ముద్రణమును నిషేధించినది. నిషేధము 1947లో తొలగినది, 1952లో పుస్తకము మరల వెలువడినది. పురుషకవులు అదే శృంగారమును వ్రాసిన ప్రబంధములు ఈ నడుమకాలమంతయు పరీక్షలకు పాఠ్యగ్రంథములుగా నుండెను. నేను విద్వాన్ పరీక్షకు చదివిన గ్రంథములలోని వర్ణనలను తలచుకొనినచో, ముద్దుపళని ఏమి యపరాధము చేసినదో నాకు బోధపడదు.

నృత్యమునందును ఈ వివాదమే నడచినది. రుక్మిణీదేవిగారు 1936లో కళాక్షేత్రమును స్థాపించి, శృంగారమును తగ్గించి, భక్తిని ముందునకు తెచ్చిరి. బాలసరస్వతి 1975లో మదరాసు తమిళ ఇశై సంఘమున అధ్యక్షోపన్యాసము చేయుచు, అభినయమున శృంగారమే సర్వోత్తమమనియు, దానిని వేఱుగా శుద్ధిచేయ నవసరము లేదనియు వాదించెను. ఇరువురును మహానుభావులే. నామట్టుకు నేను బాలసరస్వతి పక్షమున నుందును. ఏలయన, పాడుచున్న స్త్రీ తనకు కావలసినదేమో, వలదనునదేమో తన నోట చెప్పుచున్నది. ఆమెను శుద్ధిచేయు నెపమున నోరు మూయించుట నాకు సమ్మతము కాదు.

ఇంతవఱకు చెప్పినది మన తాతలను బాధించిన అర్థములను గూర్చి. వారిని బాధింపని అర్థములు కొన్ని కలవు. నిజమునకు మనలను బాధింపవలసినవి అవియే.

భానుదత్తుని రసమంజరిలో ముగ్ధానాయిక భేదములు చదివినవారికి నవోఢ యను పేరు తెలియును. క్రొత్తగా పెండ్లియైన పిల్ల. ఆమె రతి లజ్జాభయములకు లోబడినదని లక్షణము. ఈ నవోఢను వర్ణించు పద్యములు, పాటలు మన భాషలో కొల్లలు. పిల్ల వణకుచుండును, తప్పించుకొనుటకు పెనుగులాడుచుండును, చెలికత్తెలు నవ్వుచు గదిలోనికి త్రోయుదురు. దీనినంతటిని శోభగా చెప్పుదురు. గదిలోనికి త్రోయు ఘట్టముగల పాటలను పెండ్లిండ్లలో ముత్తైదువలు పాడుటకు ఎవ్వరును అభ్యంతరము చెప్పలేదు. వేశ్యల పాట యని వానిని వెలివేయలేదు. ఆనాటి పెండ్లికూతురు వయస్సెంత? పిల్ల సమ్మతి వయస్సును 10 ఏండ్లనుండి 12 ఏండ్లకు పెంచుటకే 1891లో దేశమంతయు అల్లకల్లోలమైనది. 1929 నాటి శారదాచట్టము పెండ్లికి 14 ఏండ్లు ఉండవలెననినది. ఆ లెక్కలు చేతబట్టుకొని ఆ పాటలు వినుడు. వణకునది నాయిక యనిపింపదు, మన యింటి మనుమరాలు అనిపించును.

ఇది నేటి నాగరికుల కొత్త పైత్యమని యనుకొనవలదు. క్షేత్రయ్య పదములు పాడుచున్న ఆ పదునేడవ శతాబ్దముననే, మన తెలుగువాడగు జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున దీనికి తీర్పు చెప్పియున్నాడు. వరుని కౌగిట చిక్కిన నవవధువు, అపుడే వలలోపడిన లేడిపిల్లవలె వణకుచున్నదను భావముగల శ్లోకమును ఆయన ఉదాహరించి, ఇది శృంగారరసము కాదు, రసాభాసము అనినాడు. కారణము? ఇచ్చట రతి వరునియందే యున్నది, వధువును అది యించుకయు స్పృశింపలేదు. రతి ఇరువురియందును నిలువనపుడు అది ఆభాసమే. వారు మంత్రపూర్వకముగా పెండ్లియాడిన దంపతులు. అయినను పండితరాయలు ఆ సంగతిని లెక్కపెట్టలేదు. పిల్ల మనస్సును అడిగినాడు. శృంగారమున ఏది దోషమనుటకు ఇంతకంటె సూక్ష్మమైన కొలత నేను చూడలేదు.

ఈ కొలతతో చూచితిమా, పదములు పెక్కు నిలుచును. ధనమడుగు స్త్రీయు, నిలదీయు స్త్రీయు, మూలిక యడుగు వివాహితయు తమ మనస్సు చెప్పుచునే యున్నారు. కూలునవి వేఱే. సినిమాపాటలలో ఒక జాతి కలదు. నాయకుడు తోటలోనో వీథిలోనో ఒక యమ్మాయిని అడ్డగించును. ఆమె మొగము త్రిప్పుకొని పోవును. అతడు వెంటబడి పాడును, అతని మిత్రులు వంతపాడుదురు. మూడవ చరణమునకు ఆమె నవ్వును. ఆమె కోపమంతయు నటన యని, వలదనుట యనగా కావలెననుట యని ఆ నవ్వునకు అర్థము. రాగము చక్కనిది, పాడినవాడు గంధర్వుడు, మాటలు కూర్చినవాడు మంచి కవి. ఇట్టివి నేనును విని ఆనందించినవాడనే. కాని మన భాష యెంత నిజాయతీ గలదో చూడుడు. ఈ చేష్టకు తెలుగున వాడుకలో నున్న మాట "అమ్మాయిలను ఏడిపించుట". పాటలో నవ్వించినను భాషలో ఏడుపు దాగలేదు.

నాతో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పండితమిత్రు లొకరు ఈ వాదమునకు ఒప్పుకొనరు. "ఏమండీ, ఈ లెక్కను పట్టితిరా, మన ప్రబంధములలో సగము తగులబెట్టవలెను" అందురు. తగులబెట్టుమని ఎవరనిరి? ఆభాస మనినంతమాత్రమున పారవేయుట కాదు. రసాభాసము రసమా కాదా యను వాదము రసగంగాధరముననే యున్నది. హేత్వాభాసము హేతువు కానట్లు రసాభాసము రసము కాదని కొందఱు. లోపముగల గుఱ్ఱమును గుఱ్ఱమే యనుచున్నాము గదా యని కొందఱు. నేను రెండవ పక్షము. గుఱ్ఱమునకు కాలు కుంటియని తెలిసికొని ఎక్కినచో చిక్కులేదు. కుంటి యని చెప్పకుండ పిల్లలను ఎక్కించుటయే తప్పు. మా మిత్రులు దీనికి సంతోషింపరు గాని, కాఫీ త్రాగి పోవుదురు.

నిషేధములయందు నాకు నమ్మకము లేదు. రేడియోవారును ఒకప్పుడు ఆ మార్గమును త్రొక్కినవారే. 1952లో కేస్కర్‌గారు మంత్రిగా నుండగా సినిమాపాటలు మన రేడియోనుండి దాదాపుగా తొలగింపబడినవి. శ్రోతలు సింహళ రేడియోకు తిరిగిరి. 1957లో వివిధభారతి వచ్చి ఆ పాటలను వెనుకకు పిలిచినది. పాట ఎచ్చటికిని పోలేదు, రేడియోపెట్టెలోని ముల్లు మాత్రము అటు జరిగి ఇటు వచ్చినది.

మాటలు మార్చి పాడుట మఱియొక యుపాయము. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ప్రియుడనుచోట ప్రభువనియు, శయ్య యనుచోట సన్నిధి యనియు చేర్చుదురు. యతి పోవును, ప్రాస పోవును, చివరకు ఆ స్త్రీ ఎవరితో ఏమి మాటలాడుచున్నదో తెలియక పోవును. మార్చినవారు మార్చితిమని చెప్పరు. ఒక తరము గడచినచో మార్పే మూలమని చెలామణి యగును. పాడరానిదని తోచినచో ఆ చరణము మానవచ్చును. మానితిమని చెప్పవచ్చును. మూలమును మాత్రము ముట్టరాదు.

మా శిష్యురాలికి నేను చెప్పినదియు ఇదియే. ఆ పదమును పదునాలుగేండ్ల పిల్లచేత అభినయింపజేయ నక్కఱలేదు, పెద్దదైన పిమ్మట ఆమెకే ఇష్టమున్నచో నేర్చుకొనును. అడిగినదానికి మాత్రము నిజము చెప్పవలెను. తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పుమంటిని. ఆమె అట్లే చేసినది. ఆ తల్లి మొదట ముఖము ముడుచుకొనినదట. పిమ్మట, "పాపము, ఆమెకు ఒక్క స్నేహితురాలైన లేకపోయెనా?" అని యడిగినదట. పిల్ల ప్రస్తుతము యశోదాకృష్ణుల పాట యొకటి నేర్చుకొనుచున్నది.

ఒక విన్నపము చేసి ముగింతును. పాత గ్రామఫోను పళ్లెమున ఒక ప్రక్క మూడు నిమిషముల చిల్లర కాలము మాత్రమే పట్టెడిది. అందుచేత పల్లవి, అనుపల్లవి, ఒక చరణము పాడి ముగించుట వాడుక యైనది. మిగిలిన చరణములు నోటను వ్రాతపుస్తకములలోను మాత్రమే నిలిచినవి. చిక్కు అర్థములు తరచుగా ఆ మిగిలిన చరణములలోనే యుండును. మీ యిండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాటలు వ్రాసికొనిన పుస్తకములు ఇంకను ఉండవచ్చును. ఇల్లు సర్దునపుడు వానిని చిత్తుకాగితములలో వేయకుడు. అందలి మాట మీకు సిగ్గు కలిగించినను దానిని కొట్టివేయకుడు, దిద్దకుడు. అక్షరము చెడకముందే ఒక ప్రతి వ్రాసి, వ్రాసినవారి పేరు, ఊరు, ఆ పాటను ఎప్పుడు పాడెడివారో తెలిసినంతవఱకు ప్రక్కన చేర్చి యుంచుడు. సమయము ముగిసినది. సెలవు.